బల్ల కింద ఏముందో చూశారా?

అమెరికాలో ఏం వింతలు చూసొచ్చావని అడిగిన వాళ్ళందరికీ నేను ఒకటే మాట చెబుతున్నాను. నయాగరా చూళ్ళేదు. న్యూయార్కూ చూళ్ళేదు. బొమ్మల కొలువు చూశాను. అదీ మగవాళ్ళు పెట్టింది!

మా తమ్ముడు బోస్టన్ దగ్గర ఉంటాడు. మరదలికి రెండో కాన్పు. వాళ్ళమ్మగారు మూణ్ణెల్లుండి వచ్చేశాక తర్వాతి వంతు మా అమ్మది. మోకాళ్ళ నొప్పులతో అంతసేపు విమానంలో కూచోలేనని అమ్మ చేతులెత్తేసింది. ఇంకేం, నేను బయల్దేరాను. పథ్యం వంటలు, పసిదాని స్నానాలు, బట్టలు మడతపెట్టడాలు. పోయిన నవంబరులో ఓ శనివారం మా తమ్ముడికే జాలేసినట్టుంది. "అక్కా, పెద్దాణ్ణి బొమ్మ రైళ్ళు చూపించడానికి తీసుకెళ్తున్నా, నువ్వూ రా" అన్నాడు.

అక్కడ నవంబరంటే బొమ్మ రైళ్ళ నెలట. ఊళ్ళల్లో ఉండే మోడల్ రైల్‌రోడ్ క్లబ్బులు చాలావరకు ఆ నెలలో తలుపులు తెరిచి జనాన్ని రమ్మంటాయి. మేం వెళ్ళిన క్లబ్బు ఓ పాత మిల్లు భవనం కింది అంతస్తులో ఉంది. బొమ్మ రైళ్ళంటే తిరునాళ్ళలో కొనే కీ రైలు గుండ్రంగా తిరుగుతుందనుకుని వెళ్ళాను. లోపలికెళ్ళాక నోట మాట రాలేదు.

మన కల్యాణమండపమంత హాలు. ఆ చివర్నించి ఈ చివరిదాకా నడుమెత్తు బల్లలు. వాటి మీద కొండలు, లోయలు, వంతెనలు, ఊళ్ళు, చర్చి, కట్టెల అడితి, బట్టలారేసిన దండెం! లెక్క ప్రకారం అన్నీ అసలు దానికి 87వ వంతు. అంటే ఆరడుగుల మనిషి రెండు సెంటీమీటర్ల పైచిలుకు ఉంటాడు. పట్టాల మధ్య వెడల్పు పదహారున్నర మిల్లీమీటర్లు. ఇంతకన్నా చిన్నవీ ఉన్నాయి, 160వ వంతువి, గాజుల పెట్టెలో ఊరంతా పట్టేస్తుంది.

రైళ్ళు ఊరికే తిరగవు. అసలు విశేషం అక్కడే ఉంది. గోడకి ఓ గడియారం, అది మామూలు గడియారం కన్నా చాలా వేగంగా తిరుగుతుంది. దాని ప్రకారం టైం టేబులు. ఒక్కో గూడ్సు పెట్టెకి ఒక్కో కార్డు. ఈ పెట్టెలో బొగ్గుంది, ఫలానా మిల్లు దగ్గర వదలాలి, అక్కణ్ణించి ఖాళీ పెట్టె తెచ్చుకోవాలి, అని. ఒకాయన కూచుని ఎవరికి లైను ఇవ్వాలో ఎవరిని ఆపాలో చెబుతుంటాడు. మిగతావాళ్ళు చేతిలో రిమోట్ల లాంటివి పట్టుకుని తమ తమ రైళ్ళ వెనకే నడుస్తుంటారు. రిటైరయిన పెద్దమనుషులు, పాలు మరిచిపోయి పొయ్యి దగ్గరకి పరిగెత్తే మనలాగే, సిగ్నలు పడిందని పరిగెడుతుంటే నాకు నవ్వాగలేదు. నవ్వుతూనే ఆశ పుట్టింది. ఇంత పెద్దవాళ్ళు, ఇంత పనికిరాని పని, ఇంత శ్రద్ధగా!

వాళ్ళు ప్రతి మంగళవారం సాయంత్రం కలుస్తారట. నెలకింతని చందా. కొత్తగా చేరినవాళ్ళు కొన్నాళ్ళు పని చేసి నిలదొక్కుకుంటే హాలు తాళం చెవి ఒకటి ఇస్తారు. ఇక ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి పని చేసుకోవచ్చు.

ఆ రోజు క్లబ్బు తరఫున ఉన్న పదిహేను పదహారు మందిలో ఆడవాళ్ళు ముగ్గురు. ఒకావిడ గుమ్మం దగ్గర టిక్కెట్లు చింపుతోంది. ఒకావిడ కాఫీ, బిస్కెట్లు అమ్ముతోంది. సముద్రాలు దాటినా మన డ్యూటీలు మారలేదన్నమాట! మూడో ఆమె మాత్రం నాకు చాలాసేపటిదాకా కనబళ్ళేదు. ఎందుకంటే ఆమె బల్ల కింద ఉంది.

ఒక చోట రైలు ఆగిపోయింది. ఎవరో పేరు పెట్టి పిలిస్తే కొండ కిందనించి ఓ పాతికేళ్ళ అమ్మాయి, నుదుటికి లైటు కట్టుకుని, చేతిలో సోల్డరింగ్ కడ్డీతో బయటికొచ్చింది. నేను వంగి చూశాను. పైన పచ్చటి లోయ. కింద ఎర్రవి, నల్లవి, పసుపువి, వందల కొద్దీ తీగలు, జడలు అల్లినట్టు అల్లి, కట్టలు కట్టి, ఒక్కో కట్టకి చీటీ అంటించి. "ఇదంతా నువ్వే చేశావా?" అన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషులో. ఒక్కదాన్నే కాదంది. ఆరేళ్ళప్పుడు నాన్న వెంట వచ్చిందట. పెద్దవాళ్ళు దూరలేని సందుల్లోకి తనని పంపేవాళ్ళట. అలా నేర్చుకుందట.

ఇంటికొస్తూ కారులో నేనేం మాట్లాడలేదు. "ఏంటక్కా, బోర్ కొట్టిందా?" అన్నాడు తమ్ముడు. వాడికేం తెలుసు నాకేం గుర్తొచ్చిందో!

మా చిన్నప్పుడు తెనాలిలో సంక్రాంతికి మా ఇంట్లో బొమ్మల కొలువు పెట్టేవాళ్ళం. మెట్ల మీద కొండపల్లి బొమ్మలూ, మట్టి బొమ్మలూ అమ్మ సర్దేది. కిందనుండే ఊరు మాత్రం నాది. రంపపు పొట్టుకి ఆకుపచ్చ రంగు కలిపి పచ్చిక. పగిలిన అద్దం ముక్క చుట్టూ ఇసక పోస్తే చెరువు. పది రోజుల ముందు రాగులు, ఆవాలు చల్లి మొలకెత్తిస్తే పంట చేలు. అగ్గిపెట్టెలతో ఇళ్ళు. అగరొత్తుల డబ్బాతో స్టేషను, దానికి 'తెనాలి జంక్షన్' అని బోర్డు కూడా. ఆ క్లబ్బు వాళ్ళు ఏం చేస్తున్నారో నాకు తెలియంది ఏముంది చెప్పండి? వాళ్ళు ప్లాస్టరుతో చేసే కొండ మేం గోధుమ రంగు కాయితం నలిపి చేశాం. ఎండు మొక్కల కొసలు తుంచి రంగు వేసి చెట్లంటారు, మేమూ అదే చేశాం. పేరంటానికి వచ్చిన వాళ్ళంతా "పిల్ల చెయ్యి ఎంత నేర్పరిదో" అని మెచ్చుకునేవాళ్ళు.

కొలువుకి సీరియల్ సెట్టు లైట్లు వేసేవాళ్ళం. ఇప్పటి ఎల్.ఇ.డి. తోరణాలు కావవి. ఆరు వోల్టుల బుడ్డి బల్బులు నలభై వరసగా కలిపి సరాసరి ఇంటి కరెంటుకి తగిలించడమే. ఒక్క బల్బు పోతే అన్నీ పోతాయి. ఒక ఏడు భోగి నాటి సాయంత్రం అలాగే ఆరిపోయాయి. నేను బల్ల కింద దూరి మంచి బల్బు ఒకటి పట్టుకుని, ఒక్కోదాని చోట పెట్టి చూసుకుంటూ పాడయిన దాన్ని పట్టుకున్నాను. ఆ సంబరంలో అతుకు ఊడిన చోట వేలు తగిలింది. షాకు! చెయ్యి జివ్వుమంది. అంతకుమించి ఏం కాలేదు. కానీ నాన్న వీపు మీద ఒకటిచ్చి, "ఆడపిల్లవి, నీకెందుకే ఈ కరెంటు పనులు? ఇంకోసారి బల్ల కింద కనబడ్డావో" అన్నారు. మరుసటేడు ఆ పని తమ్ముడికొచ్చింది. వాడికీ షాకు తగిలింది. నాన్న నవ్వి వాడి భుజం తట్టి, "షాకు కొడితేనేరా పని వచ్చేది" అన్నారు.

నాన్న చెడ్డవారు కారు. మమ్మల్ని ఎప్పుడూ తక్కువ చేసి చూళ్ళేదు. నన్ను డిగ్రీ దాకా చదివించారు. అయినా ఆ రెండు మాటలూ నాకు ముప్పై ఏళ్ళు గుర్తున్నాయి. తమ్ముడు ఇంజనీరయ్యాడు. అది ఆ ఒక్క మాట వల్లే అని నేననను. కానీ ఆ తర్వాత నేను ఎప్పుడూ ఫ్యూజు కూడా ముట్టుకోలేదు. అది మాత్రం ఆ మాట వల్లే.

ఆ రాత్రి తమ్ముడికి ఇదంతా చెబితే వాడికసలు జ్ఞాపకమే లేదు! కాసేపు తల గోక్కుని, తన పుస్తకాల్లోంచి ఒకటి తీసిచ్చాడు. స్టీవెన్ లెవీ అనే ఆయన 1984లో రాసిన 'హ్యాకర్స్'. కంప్యూటర్ల చరిత్ర. "నాకెందుకురా ఇది?" అన్నాను. "మొదటి అధ్యాయం చదువు, బొమ్మ రైళ్ళతోనే మొదలవుతుంది" అన్నాడు. నిజమే సుమండీ. పసిదాన్ని ఒళ్ళో వేసుకుని నాలుగు రాత్రుల్లో చదివేశాను.

బోస్టన్ పక్కనే ఉన్న ఎం.ఐ.టి.లో 1946లో టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్ అని పెట్టారు. యుద్ధ కాలంలో రాడార్ పరిశోధనల కోసం తాత్కాలికంగా కట్టిన ఓ చెక్క భవనంలో ఉండేది. ఆ తాత్కాలికం 1998లో పడగొట్టేదాకా సాగింది, మన ప్రభుత్వాఫీసుల షెడ్ల లాగానే. ఆ క్లబ్బులో రెండు వర్గాలు. ఒకరు కత్తి, రంగు కుంచె పట్టుకుని ఇంజన్లకి రంగులేసేవాళ్ళు, పాత రైళ్ళ చరిత్రంటే ప్రాణం పెట్టేవాళ్ళు. రెండో వర్గం పేరు 'సిగ్నల్స్ అండ్ పవర్'. వీళ్ళకి పైన ఉన్న కొండలతో పని లేదు. బల్ల కిందే మకాం.

బల్ల కింద అంత పనేమిటంటారా? పట్టాలు రెండే రెండు తీగలనుకోండి. కరెంటిస్తే వాటి మీదున్న రైళ్ళన్నీ ఒక్కసారే కదుల్తాయి. ఒకటి ఆగి ఇంకొకటి నడవాలంటే పట్టాలని ముక్కలు ముక్కలుగా విడదీసి, ఏ ముక్కకి ఎవరి కరెంటు ఎప్పుడు అందాలో నిర్ణయించే ఏర్పాటుండాలి. ఇప్పుడైతే ప్రతి ఇంజన్ లోపలా ఓ చిప్పు ఉండి తన నంబరు పిలిస్తేనే పలుకుతుంది. అప్పుడు అవి లేవు. టెలిఫోన్ కంపెనీ నుంచి వచ్చిన రిలేలూ స్విచ్చులూ తెచ్చి, వాటితోనే ఆలోచించగల యంత్రం లాంటిది కట్టారు ఆ కుర్రాళ్ళు. అలా అలవాటైన బుర్రలకి 1950ల చివర కాలేజీలో నిజం కంప్యూటరు తగిలింది. ఇక రైళ్ళని వదిలి దాని మీద పడ్డారు. 'హ్యాక్' అనే మాట ఆ క్లబ్బులో వాడుకున్నదే. 1959లో పీటర్ శాంసన్ అనే సభ్యుడు వాళ్ళ మాటలన్నిటికీ ఓ చిన్న నిఘంటువే రాశాడు. 1962లో మొదటి కంప్యూటర్ ఆటల్లో ఒకటైన 'స్పేస్‌వార్' రాసింది కూడా ఆ జట్టు కుర్రాళ్ళే. బల్ల కిందనించి ప్రపంచం మారిపోయిందన్నమాట. పైన రంగులేసినవాళ్ళ బొమ్మలు ముచ్చటగా ఉండి ఉంటాయి. వాటిని ఎవరూ పుస్తకాల్లో రాయలేదు.

ఆ పుస్తకంలో నన్ను పట్టి ఆపినవి రెండు. ఆ క్లబ్బులోనూ బొమ్మ రైళ్ళ మీద నలభై గంటలు పని చేస్తే గదికి తాళం చెవి ఇచ్చేవారట. ఇక పగలు లేదు రాత్రి లేదు. కంప్యూటరూ అంతే, పగలు పెద్దలు వాడుకుంటారు, అర్ధరాత్రి ఖాళీ. నేర్చుకున్నదంతా ఆ అర్ధరాత్రులే. రెండోది, అంతమందిలో పేరు చెప్పుకోదగ్గ ఆడ హ్యాకరు ఒక్కరూ లేరని ఆ రచయితే విచారంగా ఒప్పుకున్నాడు.

ఎందుకుంటారు? 1963 దాకా ఎం.ఐ.టి. ఆవరణలో ఆడపిల్లలకి హాస్టలే లేదు. అక్కడే 1904లో పట్టా పుచ్చుకున్న క్యాథరిన్ మెకార్మిక్ అనే పెద్దావిడ, వసతి లేనిదే ఆడపిల్లలు రారని గ్రహించి, తన డబ్బుతో కట్టించింది. తాళం చెవి సంగతి తర్వాత, ముందు తలదాచుకునే చోటేదీ? మనకేమైనా దీనికి భిన్నంగా ఉందా? మా డిగ్రీ రోజుల్లో లేడీస్ హాస్టలు గేటు ఆరింటికి పడేది. మగపిల్లల హాస్టలుకి గేటుండేది గానీ అది పడగా నేను చూళ్ళేదు. 2015లో ఢిల్లీ అమ్మాయిలు 'పింజ్రా తోడ్' అని రోడ్డెక్కింది ఈ గేట్ల మీదే. అర్ధరాత్రి ల్యాబులో కూచునేవాడు ముందుకెళ్తాడు, ఆరింటికి గదిలో కూచునే పిల్ల రికార్డు బుక్కు అందంగా రాస్తుంది. తర్వాత ఆడపిల్లలకి ప్రాక్టికల్ బుర్ర ఉండదని మనమే అంటాం.

అన్నట్టు, ఆ పుస్తకంలోనే ఒక ఆడమనిషి కథ ఉంది. క్లబ్బు కుర్రాళ్ళూ వాళ్ళ స్నేహితులూ ఓ రాత్రి కంప్యూటరు లోపలి తీగలు తమకి తోచినట్టు మార్చేశారు, సరదాకి. ఆ యంత్రం మీదే వాతావరణానికి సంబంధించిన లెక్కలు చేసుకుంటున్న ఒకావిడ ప్రోగ్రాం అస్తవ్యస్తమైంది. కారణం తెలిశాక ఆవిడ ఫిర్యాదు చేసింది. ఆవిడ పేరు మార్గరెట్ హామిల్టన్. అప్పటికి పాతికేళ్ళు దాటిందో లేదో, చిన్న కూతురుంది. వాళ్ళకి అది ఆట. ఆవిడకి పని.

ఆ మార్గరెట్టే తర్వాత చంద్రుడి మీదికి మనిషిని పంపిన అపోలో నౌకల ప్రోగ్రాములు రాసిన బృందానికి నాయకురాలైంది. సెలవు రోజుల్లో, రాత్రుళ్ళు, కూతురు లారెన్‌ని వెంటబెట్టుకుని ఆఫీసుకెళ్ళేది. ఆ పిల్ల ఆడుకుంటూ ఏవో మీటలు నొక్కితే నమూనా నౌక కాస్తా ఆగిపోయింది. "వ్యోమగాములు పొరపాటున ఇలా నొక్కితే?" అని అడ్డుకట్ట వేద్దామంటే, వాళ్ళు అంత పొరపాటు చెయ్యరని పైవాళ్ళు కొట్టిపారేశారు. 1968 డిసెంబరులో అపోలో 8లో సరిగ్గా అదే పొరపాటు జరిగింది! 2016లో ఆవిడకి అమెరికా అధ్యక్షుడి చేతుల మీదుగా అక్కడి అత్యున్నత పౌర పతకం ఇచ్చారు. మన పిల్లలు ఆఫీసుకొస్తే మొహాలు చిట్లించే పెద్దమనుషులకి ఈ కథ ఎవరైనా చెప్పాలి.

"అయితే ఇప్పుడు మమ్మల్ని బొమ్మ రైళ్ళు కొనుక్కోమంటావా?" అనకండి. ఒక్కో ఇంజను వేలల్లో ఉంటుంది, గ్యాసు బండ ధరకే గుండె గుభేలుమంటుంటే! ఆ సరదాలో పడాలనుకునేవాళ్ళు పుణేలో జోషి గారి బుల్లి రైళ్ళ మ్యూజియం చూసి రండి, అదీ ఒక మనిషి హాబీలోంచి పుట్టిందే. నా బాధ రైళ్ళ గురించి కాదు. మంగళవారం సాయంత్రం గురించి.

మనకీ మంగళవారాలున్నాయి. మంగళగౌరి నోములు, శుక్రవారం పేరంటాలు, పారాయణాలు. నలుగురం కలుస్తూనే ఉన్నాం, కాదన్ను. కానీ మనం ఇల్లు కదలాలంటే ఓ కారణం కావాలి. దేవుడు కావాలి, లేకపోతే మొగుడి ఆయుష్షో, పిల్లల పరీక్షలో కావాలి. అదీ కాకపోతే కుట్టు మిషనో, పచ్చళ్ళో, నాలుగు రూపాయలొచ్చే పనన్నా కావాలి. 'నాకిష్టం, అందుకే వెళ్తున్నా' అంటే చెల్లదు. నేను కథలు రాస్తున్నప్పుడు కూడా అంతే. పత్రికలో పడి పారితోషికం వచ్చిన రోజున ఇంట్లో అందరికీ అది పని. రాసుకుంటున్నన్నాళ్ళూ "ఖాళీగానే ఉన్నావుగా, కాస్త టీ పెట్టు."

ఆ క్లబ్బు మగవాళ్ళు మంగళవారం వెళ్తుంటే ఇంట్లో వంటెవరు చేశారో నాకు తెలీదు గానీ ఊహించగలను. వాళ్ళ మీద నాకు కోపం లేదు. అసూయ ఉంది.

తిరిగొచ్చాక ఈ సంక్రాంతికి మా గుంటూరు ఇంట్లో కొలువు పెట్టాం. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఈసారి పైనున్న ఊరు నేనూ మా అత్తయ్యా చేశాం, కింద లైట్ల పని దానికిచ్చాను. ఇంటి కరెంటు కాదు లెండి, పన్నెండు వోల్టుల అడాప్టరు. షాకు భయం లేదు. స్టేషను లైటు వేరే, వీధి లైట్లు వేరే, గుళ్ళో దీపం వేరే, ఒక్కోదానికి ఒక్కో స్విచ్చు. మొదటిరోజు గుళ్ళో దీపం వెలగలేదు. మావారు వెంటనే "నువ్వు లే, నేను చూస్తా" అని వంగారు. నేను పంచె కొంగు పట్టుకుని లాగినంత పని చేశాను. దానికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో ఆయన నాలుగుసార్లు లేచారు, నేను నాలుగుసార్లు కూచోబెట్టాను. చూస్తూ ఊరుకోవడం ఎంత కష్టమో ఆయనకీ ఆ రోజే తెలిసింది, నాకూ తెలిసింది. చివరికి వెలిగింది. మా అత్తయ్య, ఎనభై దగ్గరపడ్డ మనిషి, "ఏదీ, ఏది ఎక్కడికెళ్తుందో నాకూ చెప్పవే" అని బల్ల పక్కన పీట వేసుకుని కూచుంది.

పేరంటానికి వచ్చిన మా అపార్ట్‌మెంటు ఆడవాళ్ళు కొలువు కన్నా బల్ల కిందే ఎక్కువసేపు చూశారు. అందులో ఒకావిడ పెళ్ళికి ముందు ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసిందట, ఆరేళ్ళుగా ఎదురింట్లో ఉన్నా నాకు తెలీదు! మాటల్లో మాట, వారానికోసారి కలుద్దామనుకున్నాం. శనివారం మధ్యాహ్నం మూడు నించి ఆరు. ఏం చేస్తామంటే ఇంకా తెలీదు. పాడైన మిక్సీ విప్పి చూస్తామేమో, వచ్చే కొలువుకి నిజంగా నడిచే రైలు చేస్తామేమో. ఎవరి కూతుళ్ళని వాళ్ళు తెచ్చుకోవచ్చు. నాతో కలిపి ఏడుగురం తేలాం.

అసోసియేషన్ గది అడగడానికి వెళ్ళాను. "ఏం పూజండీ?" అన్నారు సెక్రటరీ గారు. పూజ కాదన్నాను. "భజనా?" కాదన్నాను. "మరి దేనికి?" ఊరికేనన్నాను. ఆయన కాసేపు నా మొహం చూసి, మగవాళ్ళ క్యారమ్స్ లేని టైములో అయితే వాడుకోమన్నారు. తాళం చెవి మాత్రం వాచ్‌మన్ దగ్గరే ఉంటుందట, ప్రతిసారీ అడిగి తీసుకుని ఆరింటికల్లా ఇచ్చెయ్యాలట. క్యారమ్స్ వాళ్ళ దగ్గర మూడు చెవులున్నాయని మా అమ్మాయి కనిపెట్టింది. మాకూ ఒకటి కావాలని కాయితం రాసిచ్చాను. ఏడుగురం సంతకాలు పెట్టాం. వచ్చే మీటింగులో మాట్లాడతామన్నారు.